దానిమ్మపువ్వుకి తొమ్మిది దరువులు

“ఆ గొంతు వినండి! రేకుడబ్బాలో ఇరుక్కున్న పిల్లి నయం!” అంది మిర్సీని, కాఫీ హోటల్ రేడియోకేసి తన సంతూరు వాయించే పుల్ల గురిపెడుతూ.

రేడియోలో వస్తున్నది వాళ్ల ఊరి పాటే. ‘దానిమ్మపువ్వా, ఎదురు రా.’ లెస్వోస్ ద్వీపంలో, కొండెక్కేసరికి పేరుకు తగ్గట్టు ఆయాసం తెప్పించే అయాసోస్‌లో, ఆ పాట లేకుండా పెళ్లి జరగదు. ఈ వేసవిలో మాత్రం దానికి అన్నీ కొత్త అవతారాలే. ఒకమ్మాయి గుసగుసగా పాడింది. ఎవరో పెరుగు ప్రకటనకి వాడుకున్నారు. ఇక ఏథెన్స్ కుర్రాడు స్త్రాతిస్ పాడిన పాప్ పాటైతే ఓడల్లో, బస్సుల్లో, క్షవరం దుకాణాల్లో కూడా చెవులు వదలడం లేదు.

“తొమ్మిది దరువుల పాటని నాలుగింటికి కుదించాడు నాన్నా! తక తక తక తకిట... ఆ చివరి ‘ట’ని ఎవరు మింగేశారట?”

“నేనేనండి,” అన్నాడు పక్క బల్ల దగ్గర చల్లటి కాఫీ తాగుతున్న కుర్రాడు. “ఆ పిల్లి కూడా నేనే.”

మిర్సీని చేతిలో పుల్ల టప్పున కింద పడింది.

ఫోటోల్లో ఎప్పుడూ నల్లకళ్లద్దాలతోనే ఉంటాడు స్త్రాతిస్. అవి తీసేస్తే కింద ఇలాంటి కళ్లుంటాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పిల్లి మాట కొంచెం నెమ్మదిగా అనేది.

కానీ కోపానికి అసలు కారణం గుర్తొచ్చింది. “అయితే మీరేనన్నమాట! మేరీమాత తిరునాళ్లలో మా నాన్న మేళానికి అరగంట మిగిల్చి, సాయంత్రమంతా మింగేసిన మహానుభావులు!”

“అరగంటా?” అతని మొహంలో నవ్వు పోయింది. “నాకు ఎవరూ చెప్పలేదు.”

“తాతల కాలం నుంచీ ఆ చర్చి అరుగు మీద వాయించేది మేమే. ఈ ఏడు పెద్దమనుషులకి స్టార్ కావలసొచ్చాడు.”

ఆమె తండ్రి ఇగ్నాతిస్ వయొలిన్ తుడుచుకుంటూ, “పోనీలేమ్మా, అతిథి,” అన్నాడు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు. ఆ నెమ్మదే మిర్సీనికి ఏడుపు తెప్పిస్తుంది.

స్త్రాతిస్ కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చున్నాడు. “బాబాయ్, నేనా పాట ఫోన్లో విని నేర్చుకున్నాను. నాలుగు దరువులైతే జనం గెంతుతారని మా మేనేజర్ అన్నాడు. అసలుది నేర్పుతారా?”

“ఆ తొమ్మిది దరువులూ చెవితో రావు బాబూ, కాళ్లతో రావాలి. ఎదురెదురుగా నిలబడి ఆడే పాట అది. మా అమ్మాయి ఆడుతుంది, అడుగు.”

“నాన్నా!”

మర్నాడు మధ్యాహ్నం వాళ్ల పెరట్లో, ద్రాక్షపందిరి కింద, పాఠం మొదలైంది.

“తక, తక, తక, తకిట. కుడికాలు. కుడికాలంటే ఇది!”

“కంగారుపెట్టకండి. మీరలా చూస్తుంటే నాకు రెండూ ఎడమకాళ్లే.”

“ఎదురు నిలబడ్డాక చూడక ఏం చేస్తాను?”

“అదే కదా వచ్చిన చిక్కు.”

మిర్సీని పెదవి కొరుక్కుంది. నవ్వితే అలుసైపోతానని భయం. ఇంతలో ఎక్కడినుంచో ఓ తుంటరి వాన ఊడిపడింది. ఇగ్నాతిస్ వయొలిన్‌ని కోటులో దాచుకుని ఇంట్లోకి పరిగెత్తాడు. వీళ్లిద్దరికీ మాత్రం పరిగెత్తాలని తోచలేదు. ద్రాక్షాకుల మీంచి జారిన చినుకులు అతని ముక్కుమీద దరువు వేస్తుంటే, “అదిగో, వానకి కూడా తాళం తెలుసు. మీకే తెలీదు,” అంది. చివరికి నవ్వేసింది.

తిరునాళ్ల దాకా రోజూ అదే పాఠం. అయ్యాక తండ్రీకూతుళ్లు వయొలిన్, సంతూరు వాయిస్తుంటే అతను కూర్చుని వినేవాడు. ఎప్పుడు ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

తిరునాళ్ల పొద్దున్న రొట్టె కోసం వెళ్తూ సందు మలుపులో ఆగిపోయింది మిర్సీని. గోడకానుకుని స్త్రాతిస్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. “నాక్కావలసింది దొరికింది... ఆ, వాళ్లు వాయించిందంతా రికార్డు చేసేశా. ఇక్కడెవరికీ చెప్పలేదు.”



“దొంగ!” అంటూ మీదికి వచ్చేసింది. “పాట నేర్చుకుంటానని చేరి, మా నాన్న సంగీతాన్ని సంచిలో వేసుకు పోతున్నావా? దానికింకో అవతారం తొడుగుతావా?”

“మిర్సీనీ, ఒక్క నిమిషం...” కంగారులో అతని బొటనవేలు ఎక్కడో పడింది. ఫోన్ స్పీకర్లోంచి మేనేజర్ కేకలు సందంతా మారుమోగాయి.

“నీకేమైనా పిచ్చా స్త్రాతిస్? నీ టైమంతా ఆ మేళానికి ఇచ్చేసి, కింద నిలబడి డాన్స్ చేస్తానంటావా? రికార్డింగ్ చేసింది ఆ పిల్ల సంతూరు పొద్దస్తమానం వింటూ కూర్చోడానికా? ఇంతకీ ప్రేమిస్తున్నానని ఆ అమ్మాయికి చెప్పావా, చచ్చావా?”

పై కిటికీలో దుప్పటి దులుపుతున్న ముసలమ్మ చెయ్యి ఆపేసింది.

“చెప్పలేదు,” అన్నాడు స్త్రాతిస్ నీరసంగా. “ఇప్పుడు నువ్వే చెప్పేశావు.”

మిర్సీని చెవులు దానిమ్మపువ్వులైపోయాయి. రొట్టె సంగతి మరిచి వెనక్కి తిరిగి నడిచింది.

“జవాబు?” అన్నాడు వెనకనుంచి.

“సాయంత్రం. ఒక్క దరువు తప్పినా జవాబు లేదు!”

సాయంత్రానికి చర్చి ముందు మైదానం కిక్కిరిసింది. స్త్రాతిస్ అరుగెక్కగానే కుర్రకారు ఈలలు మొదలుపెట్టారు.

“ఆ పాట నాది కాదు,” అన్నాడు మైకులో. “దానికి సొంతవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇవాళంతా వాళ్లదే.”

ఈలలు కాస్తా మూలుగులయ్యాయి. “నీకు డబ్బులిచ్చింది ఆ మేళం వినడానికా?” అని ఎవడో అరిచాడు. అతను పట్టించుకోకుండా కిందికి దూకాడు. వయొలిన్ అందుకుంది. ముందు ముసలమ్మలు కదిలారు, వెనకే కొత్త జంటలు. మైదానం మధ్య స్త్రాతిస్ ఒక్కడే, ఎదురుగా ఎవరూ లేకుండా, పెదాలు కదుపుతూ దరువులు లెక్కపెట్టుకుంటున్నాడు.

అరుగు మీద మిర్సీని సంతూరు వదిలి అతనికేసే చూస్తోంది.

“వెళ్లు,” అన్నాడు ఇగ్నాతిస్ కమాను ఆపకుండానే. “ఒక్క పాటకి సంతూరు లేకపోతే కొంపలేం మునగవు.”

ఆమె దిగి వెళ్లి అతని ఎదుట నిలబడింది. ఒక చుట్టు బాగానే సాగింది. రెండోది కూడా. మూడో చుట్టులో ఆమె నవ్వింది. అంతే, అతని కాలు వచ్చి ఆమె పాదం మీద పడింది.

“అబ్బా! తప్పావు.”

“నువ్వు నవ్వావు!” అతని మొహం పాలిపోయింది. “అయితే... జవాబు లేదా?”

“లేదు. నేర్చుకునేదాకా నువ్వీ ఊరు కదలడానికే వీల్లేదు.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

మిర్సీని అతని చెయ్యి పట్టుకుని మళ్లీ ఎదురుగా నిలబెట్టుకుంది. “నీ కాళ్ల వాలకం చూస్తే ఈ జన్మంతా పట్టేట్టుంది.”

పాట అయిపోవచ్చింది. అరుగు మీద ఇగ్నాతిస్ కూతురి మొహం చూశాడు. వయొలిన్ దించకుండా మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నాడు.