బాయిలర్ గది గోడమీది పటం

"ఆగు!"

మునియన్ ఆగడు.

ఉప్పళం పేట సందులో చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. వట్టికాళ్లతో పరుగు. ఎవరి గుమ్మం ముందో ఆరబెట్టిన వడియాలు కాలికింద పటపటమంటాయి. ఎవరో తిడతారు. వెనక పోలీసు విజిల్!

ఎర్ర టోపీలు. రెండు!

తను చేసిన నేరమేమిటో అతనికి తెలియదు. పది నిమిషాల కిందట పోలీసులు తలుపు కొట్టారు. "బాయిలర్ మునియన్ ఎవరు?" అన్నారు. కిటికీలోంచి సంకెళ్లు చూసిన మరగతం, మొగుణ్ణి పెరటి తలుపులోంచి బయటికి నెట్టింది.

"పరిగెత్తు మామా! ఏందో ఏమో, ముందు పరిగెత్తు!"

పరిగెత్తాడు. అదే మొదటి తప్పు.

సందు చివర ఒక మోపెడ్ అడ్డంగా వచ్చి ఆగుతుంది.

"ఎక్కు మునియా!"

ఆదికేశవన్! ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసు గుమాస్తా. ఇరవయ్యేళ్లుగా గేటు దగ్గర తనకు హాజరు వేసిన మనిషి.

మునియన్ వెనక సీటు మీదికి దూకుతాడు. మోపెడ్ రయ్యిమంటుంది.

"ఏందన్నా ఇది? నేనేం చేస్తి?"

"బాయిలర్ పేలింది. నాలుగ్గంటలకి. సుబ్బరాయలు పోయినాడు."

మునియన్ సీటు అంచు గట్టిగా పట్టుకుంటాడు.

సుబ్బరాయలు! పొయ్యిలోకి సరుగుడు కట్టెలు తోసే మనిషి. తీరిక దొరికి డబ్బా తెరిస్తే ఎండుచేపల పులుసు సగం మునియన్‌కే పోసేవాడు.

"వాడికి నీళ్ల మట్టం చూడను గూడా తెలవదే! బాయిలర్ మీద ఎవురుండారు?"

ఆదికేశవన్ వెనక్కి తిరగడు.

"కాయితాల్లో అయితే... నువ్వు."

"నేనా! నన్ను తీసేసి మూడు నెల్లాయె గదన్నా!"

"తీసేసినట్టు కాయితం యాడుండాది?"

లేదు.

మేనేజర్ రఘునాథన్ ఆరోజు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఇంటి తెలుగులోనే చెప్పాడు. "ఖర్చు తగ్గించమని పైనుంచి ఒకటే పోరు మునియా. పాత జీతాలోళ్లు ముందు పోవాల. రేపట్నుంచి రావద్దు. మనలో మనకి కాయితాలెందుకు?"

ఊరంతా అరవం మాట్లాడేచోట తెలుగులో చెప్పిన మనిషిని కాయితం అడగడానికి మునియన్‌కు నోరు రాలేదు. ఆ తర్వాత ప్రతి సోమవారం గేటు ముందు నిలబడి బతిమాలాడు. గేటు తెరుచుకోలేదు.

"ఇంకోటి," ఆదికేశవన్ గొంతు తగ్గిస్తాడు. "నీ సర్టిఫికెట్ ఇంకా గోడమీదే ఉండాది."

బాయిలర్ నడపడానికి సర్కారు అతని పేర ఇచ్చిన సర్టిఫికెట్ అది. 1983లో వచ్చింది. అలాంటిది ఒకరిదైనా లేకుండా బాయిలర్ వెలిగించకూడదు. మునియన్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఏటా ఆయుధపూజకు బాయిలర్‌తో పాటు దానికీ గంధం, కుంకుమ. చివరిరోజు దించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పూజ అందుకున్న పటం. ఉత్త చేతులతో ఎలా దించడం? పండగ రానీ, టెంకాయ కొట్టి తీసుకుందామనుకున్నాడు.

ఆ పటాన్ని చూపించి మూడు నెలలు బాయిలర్ నడిపేశారు!

"అది గోడమీద ఉండేదాకా బాయిలర్ నీదే మునియా. ఇంకో గంటలో ఇన్‌స్పెక్షనోళ్లు వస్తారు. ఆలోపల దించేసుకో. వెనక గేటు తాళం నా దగ్గరుండాది."

"దేవుడల్లే వచ్చినావన్నా!"

ఆదికేశవన్ మోపెడ్ వేగం పెంచుతాడు.

నెల్లితోపు మార్కెట్. జనం. టౌన్ బస్సు హారన్... ఎదురుగా జీపు!

మునియన్ ఆదికేశవన్ వీపులో మొహం దాచుకుంటాడు. జీపు దాటిపోతుంది.

హమ్మయ్య!

ఫ్యాక్టరీ చేరేసరికి చీకటి పడుతుంది. వెనక గేటు. తాళం. కిర్రుమని తలుపు.

బాయిలర్ గదికి పైకప్పు లేదు. విరిగిన పైపులోంచి ఆవిరి ఇంకా బుసకొడుతోంది. నేలంతా తడి బూడిద. ఒక మూల సుబ్బరాయలు టిఫిన్ డబ్బా... మూత తియ్యనే లేదు.

మునియన్ చూపు తిప్పుకుంటాడు.

గోడ... ఉంది! పటం ఉంది!

అద్దం పగిలింది. ఎండిన కుంకుమ బొట్టు కింద పాతికేళ్ల నాటి తన కుర్రమొహం.

పడిపోయిన ఇటుకల మీదికి ఎక్కుతాడు. కాలు జారుతుంది. ఆసరాకు పైపు పట్టుకుంటాడు. చుర్రుమంటుంది! అరచెయ్యి కమిలిపోతుంది. పళ్లు బిగించి పటాన్ని మేకు నుంచి లాగుతాడు.

వచ్చేసింది!

"అన్నా! దొరికిందన్నా!"



మొహం మీద టార్చిలైటు! ఇంకోటి... ఇంకోటి!

ఎర్ర టోపీలు. వాళ్ల ముందు రఘునాథన్.

"ఇతనేనా?" పోలీసు ఇన్‌స్పెక్టర్ తమిళంలో అడుగుతాడు.

"ఇతనే సార్." రఘునాథన్ గొంతులో ఎంత బాధ! "మా బాయిలర్ ఆపరేటర్. డ్యూటీలోంచి పారిపోయాడు. సర్టిఫికెట్ మాయం చెయ్యడానికి వస్తాడని చెప్పానుగా!"

"అబద్ధం! నేను పనిలోనే లేను! మూడు నెల్లుగా లేను! అన్నా... నువ్వు చెప్పన్నా!"

తలుపు దగ్గర ఆదికేశవన్. చంకలో హాజరు పుస్తకం.

ఇన్‌స్పెక్టర్ దాన్ని తెరుస్తాడు. మునియన్ పేరు. పేరుకెదురుగా మూడు నెలల హాజరు. ఒక్క పనిరోజూ ఖాళీ లేదు. ఇవాళ్టిది కూడా!

అంతా ఆదికేశవన్ చేతిరాత.

"అన్నా...?"

"పనిలోంచి తీసేసేవాళ్ల లిస్టులో నీ తర్వాత పేరు నాదే మునియా." ఆదికేశవన్ నేలను చూస్తూ గొణుగుతాడు. "నాదే..."

మునియన్ తనను తాను చూసుకుంటాడు. ఒంటినిండా బూడిద. కాలిన చెయ్యి. గుండెకు హత్తుకున్న సర్టిఫికెట్. ఎవరు చూసినా ఇప్పుడే బాయిలర్ దగ్గర్నుంచి లేచిన మనిషే!

అరుస్తాడు. 

రఘునాథన్ దగ్గరికి వస్తాడు. మునియన్ చెవి దగ్గరికి వంగుతాడు. ఈసారి తెలుగులో, మెత్తగా...

"పని కావాలని సోమారం సోమారం నా గేటు ముందర నిలబడినావు గదా మునియా... ఇదో, ఇచ్చేసినా."

క్లిక్!

సంకెళ్లు.