కిటికీ వైపు చెంప

అన్నయ్యని కాల్చి చంపారని చీఫ్ చెప్పినప్పుడు ఆమె కాఫీ తాగుతోంది. కప్పు కింద పెట్టలేదు, మిగిలింది కూడా తాగేసింది. మొహంలో ఏదీ కనపడదని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమెకి రాయి అని పేరు పెట్టారు. ఆ ఉదయం లోపల కూడా ఏమీ కదల్లేదు.

"ఆ విదేశీ ముఠాకి కావలసింది మీ వదిన," అన్నాడు చీఫ్. "చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ కరిగిపోకుండా కాపాడే మందు కనిపెట్టింది కదా. ఫార్ములా ఆవిడ తలలోనే ఉంది. ఆవిడ అడ్రస్ చెప్పనందుకే మీ అన్నయ్యని చంపేశారు. మధ్యాహ్నం ఆవిడని సేఫ్ హౌస్‌కి చేర్చు. మన కారు, మన డ్రైవర్."

"మన కోడ్‌వర్డ్ వాళ్లకి తెలీదని నమ్మకమేంటి సర్?"

"నమ్మకం లేదు. అందుకే ముందు స్కిన్ క్లినిక్‌కి వెళ్లు. డాక్టరమ్మ ఏం చెబుతుందో విను."

డాక్టరమ్మ డబుల్ ఏజెంట్. యాభై దాటినా ముప్ఫై అంటే నమ్మాల్సిందే, అంత అందం. ఇటు డిపార్ట్‌మెంట్‌కీ అటు ఆ ముఠాకీ వార్తలు మోస్తుంది. ట్రీట్‌మెంట్ రూమ్‌లో ముఠా మైక్ పెట్టింది కాబట్టి అక్కడ చర్మం గురించి తప్ప మాట్లాడదు.

నంబింగ్ క్రీమ్ పట్టించి, మొద్దుబారిన మొహం మీద సన్నటి సూదులున్న పెన్ నడిపింది.

"ఇలా గుచ్చితే కొత్త కొల్లాజెన్ పుడుతుంది. ఉన్నదాన్ని మాత్రం మీరే కాపాడుకోవాలి. సిగరెట్ వద్దు, తీపి తగ్గించండి, కంటినిండా నిద్రపోండి. కారులో ఉన్నా సన్‌స్క్రీన్ మానొద్దు, అద్దం ఎండ కిరణాలన్నిటినీ ఆపదు. ఏళ్లతరబడి కారు నడిపినవాళ్లకి కిటికీ వైపు చెంప ముసలిదైపోతుంది, రెండోది పడుచుగానే ఉంటుంది." పెన్ ఆగింది. "డ్రైవర్లని గమనించండి. తెలుస్తుంది."

"సరే."

"నొప్పికి చాలామందికి కన్నీళ్లొస్తాయి."

"నాకు రావు."

"మంచిది. రేపటిదాకా మొహం తడపకండి."

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వదిన చిన్న బ్యాగ్ పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి.

"ఒక్కసారైనా ఏడ్చావా అమ్మాయీ?"

"పనుంది వదినా."

కారొచ్చింది. డ్రైవర్ దిగి తలుపు తీశాడు.

"గొడుగు తెచ్చారా మేడమ్?"

"మబ్బు లేదుగా."

కోడ్ సరిపోయింది. ఐడీ కార్డూ సరిపోయింది.

"ఎన్నాళ్ల సర్వీసు?"

"ఇరవయ్యేళ్లండీ. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా స్టీరింగ్ పట్టుకోలేదు."

వదిన వెనక సీట్లో, అడ్డు అద్దానికి అవతల కూర్చుంది. ఆమె ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. అతని ఎడమ చెంప దున్నిన చేనులా ముడతలు పడి ఉంది. తలుపు తీస్తున్నప్పుడు చూసిన కుడి చెంప నున్నగా ఉంది. ఇక్కడ కార్లకి స్టీరింగ్ కుడివైపు, ఎండ తగిలేది కుడి చెంపకి. ఎడమ చెంప ముసలిదయ్యిందంటే, ఆ ఇరవయ్యేళ్లూ ఇతను నడిపింది స్టీరింగ్ ఎడమవైపు ఉండే దేశంలో.

అప్పుడు చూసింది, వెనక సీటు ఏసీకి బిగించిన కొత్త గొట్టం. నిద్రగ్యాస్. అతని బొటనవేలు స్టీరింగ్ కింది బటన్ మీదికి పాకుతోంది.

"పెదాలు ఎండిపోతున్నాయి," అంటూ ఆమె లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పగానే బయటికొచ్చిన సూది అతని మెడలో దిగింది. అతని తల వాలిపోయింది. బటన్ మీద ఆనిన వేలిని ఆమె మెల్లగా పక్కకి తప్పించింది. దిగి డిక్కీ తెరిస్తే అసలు డ్రైవర్ అందులో కట్టేసి ఉన్నాడు, ప్రాణంతోనే.

చీఫ్‌కి ఫోన్ చేసింది.

"ఏం, కోడ్ తప్పు చెప్పాడా?"

"లేదు సర్. సన్‌స్క్రీన్ రాసుకోలేదు."

వదిన దిగొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ అన్నయ్య ఎప్పుడూ అనేవాడు, మా చెల్లి ఉండగా నిన్నెవరూ ముట్టుకోలేరని."

ముందు చెంప మండింది. క్రీమ్ మత్తు దిగుతోందనుకుంది. తర్వాత గడ్డం మీంచి చుక్కలు జారి వదిన చేతి మీద పడ్డాయి. అన్నయ్య ఇక లేడని ఆమెకి అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తల్లో మొహం తడపొద్దన్నది ఒక్కటే ఆమె పాటించలేకపోయింది.