ఏడో నంబరు పాలు

దయ్యాలను నమ్మేవాళ్ళంటే నాకు చులకన. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. చివర్లో నన్ను చూసి నవ్వుకోవడానికి మీకు పనికొస్తుంది.

కరీంనగర్ బస్టాండు వెనక సందులో, కింద చెప్పుల దుకాణం, దాని మీద ట్యూషన్ సెంటరు, ఆ పైన మా ల్యాబ్. నీళ్ళు, కూరగాయలు, నెత్తురు, పాలు... ఏది తెచ్చినా అందులో పురుగుమందు ఎంత ఉందో చూసి కాగితం ఇస్తాం. చూసేది మేం కాదు, యంత్రం. అంత చదువుకున్న యంత్రానికి నాతో పనిచేసే కరుణాకర్ అన్న దసరా నాడు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టాడు. ఓడెక్కి వచ్చిన యంత్రానికి రైతుబజారు నిమ్మకాయ కాపలా!

అన్నకు ఇంకో నియమం కూడా ఉంది. "యంత్రం దానంతటది చప్పుడు చేస్తె, ఎవలు అని అడుగొద్దు చెల్లె."

"అడిగితె ఏమైతదన్నా? ఆధార్ కార్డు చూపిస్తదా?"

అన్న నవ్వడు. నవ్వనివాళ్ళను ఏడిపించడంలో ఉన్న సుఖం నవ్వేవాళ్ళతో రాదు. అందుకే రోజూ అడిగేదాన్ని.

మా ఓనరు అంబదాస్ సార్ సంగతి వేరు. ఆయన దయ్యాలకు భయపడడు, రిపోర్టులో ఖాళీ గడికి భయపడతాడు. ఒక్క గడి ఖాళీగా కనబడితే బీపీ గోళీ వేసుకుంటాడు.

ఆ నెల చొప్పదండి అవతలి ఊరు నుంచి పదకొండు మంది బాలింతల పాలు వచ్చాయి. అన్నీ పత్తి చేసే ఇండ్లే. పురుగుమందు పాలలోని కొవ్వులో దాక్కుంటుంది. సాల్వెంట్ పోసి దాన్ని బయటికి లాగాలి, శుభ్రం చేయాలి, నైట్రోజన్ గాలి ఊదుతూ ఆవిరి చేసి చుక్కంత మిగల్చాలి. ఆ చుక్క వేలంత కూడా లేని సీసాలో పోసి పళ్ళెంలో పెడితే, యంత్రం తన సూది ముంచి కాస్త పీల్చుకుంటుంది. ఒక్కో మందు ఒక్కో నిమిషానికి బయటికొస్తుంది. మేం వెతికేది పద్దెనిమిదో నిమిషానికి. ఉంటే తెర మీద గోపురంలా లేస్తుంది. లేకుంటే గీత చదునుగా పోతుంది.

వీటితో పాటు ఒక బ్లాంక్ పెడతాం. అందులో ఎవరి పాలూ ఉండవు, ఉత్త సాల్వెంట్. దాని గీత చదునుగానే రావాలి. అప్పుడే మిగతావాటిని నమ్మొచ్చు.

శుక్రవారం ఏడో నంబరు మీద గాలి కాస్త ఎక్కువ పెట్టి, ఫోన్లో రీల్ చూస్తూ కూర్చున్నా. తల ఎత్తేసరికి గొట్టంలో ఉన్నదంతా గోడకు చిమ్మింది. ఫ్రీజర్లో మిగిలిన పాలు లేవు, ఆ తల్లి ఇచ్చిందే కొంచెం. మళ్ళీ తెప్పించమంటే సార్ గోళీ వేసుకుంటాడు, నన్ను తిడతాడు.

బ్లాంక్‌లోని సాల్వెంటే తీసి ఏడో సీసాలో పోశాను. గీత చదునుగా వచ్చింది. రిపోర్టులో 'లేదు' అని రాశాను. మిగిలిన పదింటిలో తొమ్మిదింటికి 'ఉంది'. 

శనివారం ఏడో నంబరు పాలు ఇచ్చిన మమతారాణి వాళ్ళ అత్త వచ్చింది. ఐలవ్వ. మెట్ల మీద కూర్చొని ఊపిరి తీసుకుంటూ అడిగింది. "బిడ్డా, మా కోడలు పాలు పొల్లకు తాపొచ్చునా? గీ పొల్ల కంటె ముంగటి పొల్ల ఆరు నెలలకే పోయింది. గందుకె భయం."

"ఫికర్ చెయ్యకు అవ్వా. మీ కోడలివి మంచిగున్నయ్. కడుపునిండ తాపుమను."

ఆమె నా గదువ పట్టుకొని మురిసిపోయింది. నాకు కొంచెం గుచ్చుకుంది. కొంచెమే.

ఆదివారం రెండు సీసాలు యంత్రంలో మళ్ళీ నడపమని సార్ నన్ను పంపాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. యంత్రం గదికి కిటికీ లేదు, ఏసీ ఆపరు, కాబట్టి అక్కడ మధ్యాహ్నమూ లేదు రాత్రీ లేదు. చలికి స్వెటరు వేసుకున్నా. నా పేరు కుట్టిన ల్యాబ్ కోటు కొక్కేనికే ఉంది అనుకున్నా, అటు చూడలేదు. ఆదివారం కోటు ఎవరి కోసం?

ఏడో సీసాను పళ్ళెంలోంచి తీసి చెత్తడబ్బాలో పడేశాను. ముందు బ్లాంక్ నడిపాను.

పద్దెనిమిదో నిమిషానికి గోపురం లేచింది.

సూది కడిగాను. కొత్త సీసా, కొత్త సాల్వెంట్. మళ్ళీ నడిపాను. ఈసారి ఇంకా ఎత్తు. ఎవరి పాలూ లేని సీసాలో, పరీక్షించిన పది మంది తల్లుల పాలకన్నా ఎక్కువ విషం.

"బాగుంది దయ్యమా," అన్నాను గట్టిగా. "నీ పేరు, ఊరు చెప్తె నీకు గూడ రిపోర్ట్ ఇస్త."

అప్పుడే వాసన వచ్చింది. విరిగిన పాల వాసన. దాని వెనకే చంటిపిల్లల పౌడరు వాసన. యంత్రం గదికి తిండి కూడా తేనివ్వం మేం.

టిక్... మని సూది కదిలింది. నేను ఏ మీటా నొక్కలేదు. పళ్ళెంలో ఒకటో గుంట దాటింది. రెండు... మూడు... ఏడో గుంట దగ్గర ఆగింది.

ఆ గుంటలో సీసా లేదు.

సూది దిగింది.

చప్... చప్... చప్...

యంత్రం చప్పుడు నాకు తెలుసు. అది కాదు. పళ్ళు రాని నోరు ఆత్రంగా పీల్చే చప్పుడు.

కరుణాకర్ అన్నకు ఫోన్ చేశాను. గొంతు దానంతటదే గుసగుసగా వచ్చింది. "అన్నా, సూది ఏడుల దిగింది."

"సీసా ఉన్నదా అండ్ల?"

"లేదు. నేనే తీసిన."

"మరి ఏం తాగుతున్నది చెల్లె?"

ఫోన్ పక్కన పడేశాను. చెత్తడబ్బా బోర్లించాను. సీసా లేదు. కొక్కెం వైపు చూశాను. నా కోటు లేదు.

నమూనా కాగితం మీద ఐలవ్వ నంబరు ఉంది. రెండుసార్లు తప్పు నొక్కాను.

"అవ్వా, నేను ల్యాబ్ వినోదను. పొల్లకు మమత పాలు తాపొద్దు. నేను అబద్ధం చెప్పిన. అసలు పరీక్షే చెయ్యలే."

"గదే చెప్పితివి గద బిడ్డా, ఇంటికొచ్చి."

"ఎవలు వచ్చిన్రు?"

అడగకూడని మాట అడిగేశానని అప్పుడు తట్టింది. వెనక సూది చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు కాదా?" ఐలవ్వ గొంతు తగ్గించింది. "తెల్లకోటు, మొకానికి గుడ్డ. కోటు మీద వినోద అని ఉన్నదని మమత సదివింది. తల్లిపాలు వద్దన్నది. అగో, అర్రల కూసున్నది. పొల్లను ఒళ్ళె ఏసుకొని తనే తాపుతున్నది."

"ఏం తాపుతున్నది అవ్వా?"

"గింతంత సీసా. ఏలంత గూడ లేదు. మీద ఏడు అని రాసి ఉన్నది."

"గుంజుకో అవ్వా! సీసా గుంజుకో!"

ఆమె అడుగులు వినబడ్డాయి. తలుపు కిర్రుమంది. తర్వాత ఫోన్లోంచి ఆ చప్పుడు, దగ్గరగా.

చప్... చప్... చప్...

"బిడ్డా," అంది ఐలవ్వ, ఏడుపు ఆపుకుంటూ. "గంట సంది తాగుతున్నది. ఎంత తాగినా సీసా ఒడుస్తలేదు."