శెనక్కాయల గొడౌనులో గుర్రాల దండు

రాయచోటిలో పెంచలయ్య శెనక్కాయల గొడౌను వెనక సందు ఉంది చూశారూ — పొద్దు గూకితే ఆ సందులోకి పందికొక్కు కూడా తొంగిచూడదు. అమావాస్య రాత్రి గువ్వలచెరువు ఘాటును చెప్పుల్లేకుండా దాటినవాణ్ణి, నేనే ఆ సందు రాగానే దారి మార్చుకున్నానంటే... ఇక మీరే ఊహించుకోండి.

గొడౌనుకు తాళం వేసే ఉంటుంది. లోపల మాత్రం గుర్రాలు పరుగెత్తిన చప్పుడు. కత్తికి కత్తి తగిలిన చప్పుడు.

రెండువేల ఏడులో అక్కడ ఏం జరిగిందో ప్రదీప్‌కుమార్ చెబితే విన్నాను.

పెంచలయ్య కొడుకు జ్ఞానేశ్వర్, వాడి చిన్నాన్న కొడుకైన ఈ ప్రదీప్ కలిసి ఆ గొడౌనులో కంప్యూటర్ గేముల అంగడి నడిపేవాళ్లు. జ్ఞానేశ్వర్ ప్రాణమంతా ఒకే ఆట మీద. బల్ల మీద బొమ్మ సైన్యాలు పేర్చి ఆడే యుద్ధాన్ని కంప్యూటర్లోకి దించిన ఆట అది. ఎముకల సైనికులు, కొమ్ముల రాక్షసులు, ఎదురుగా మన ఈటెలవాళ్లు, గుర్రాలవాళ్లు. చచ్చిన సైనికుడు మళ్లీ లేవడు. నీ వంతు, నా వంతు అని ఆగేదీ ఉండదు. నువ్వు చెయ్యి కదపకపోతే శత్రువు వచ్చి నరుక్కుంటూ పోతాడు.

కడప నుంచి కర్నూలు దాకా జ్ఞానేశ్వర్‌ను ఓడించినవాడు పుట్టలేదు. ఆ పుర్రచేతివాడు ఎడమచేత్తో మౌసు పట్టాడంటే రాక్షసులకే చెమట పట్టేది. గుర్రాలను పారిపోతున్నట్టు వెనక్కి తిప్పి, కొండ చుట్టూ తోలి, శత్రువు వీపు మీద పడేసేవాడు. ఆ విద్య ప్రదీప్‌కు కూడా పట్టుబడలేదు.

ఒకరోజు తల్లి సుబ్బరత్నమ్మ విసిగిపోయి అనేసింది, "ఆ బొమ్మల దండే నీకు తల్లీ తండ్రీ, పో."

యుద్ధం సగంలో ఆపి, బండి తీసుకుని పోయాడు. ఘాటు మలుపులో లారీ.

ఆ రోజు నుంచి పెంచలయ్య భార్యతో మాట్లాడలేదు. ఏడాది.

సంవత్సరీకం వచ్చింది. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టి, తలుపు మూసి, అందరూ బయటికి రావాలి కదా. వాళ్లు వచ్చి తిని పోతారని. గొడౌనులోనే విస్తరి వేసి, దాని పక్కన ఆ సగం యుద్ధాన్ని కూడా తెరిచి పెట్టమంది సుబ్బరత్నమ్మ.

ప్రదీప్ అడ్డం పడ్డాడు. "ఆట ఆపి పెడదాం పెద్దమ్మా. ఎవురూ ఆడకుంటే దండంతా చస్తాది."

"మూత తీయకుండా అన్నం పెడ్తామా నాయనా? ఆపిన ఆట వాడెట్టా ఆడతాడు?"

ఏడాదిగా మూగబోయిన పెంచలయ్య అప్పుడు నోరు తెరిచాడు. "పెట్టు. వాడొస్తే గెలుస్తాడు. దండు ఓడిపోయిందంటే... నీ మొగం చూడబుద్ధిగాక వాడు రాలేదని."

ఆమె ముఖం బూడిద రంగుకు తిరిగింది.

గొడౌను తలుపు మూశారు. నీళ్లు తెస్తానని సుబ్బరత్నమ్మ ఇంట్లోకి పోయింది. పెంచలయ్య అరుగు మీద గోడకేసి కూర్చున్నాడు. ప్రదీప్ మెల్లగా వెనక సందులోకి జారుకున్నాడు. దొంగతనంగానైనా ఆ యుద్ధం తనే గెలవాలి. లేకపోతే ఆ తల్లి రేపటికి మిగలదు.

సందంతా చీకటి. వెనక తలుపు తాళం తీస్తుంటే — లోపల నుంచి... గుర్రాల చప్పుడు.

తోశాడు.

మానిటర్ వెలుగులో కుర్చీ. కుర్చీలో ముసుగు వేసుకుని ఎవరో. టిక్... టిక్... మౌసు నొక్కుతున్నారు.

ప్రదీప్ గడప దాటలేదు. అప్పుడు వినిపించింది — గాజుల చప్పుడు.

"పెద్దమ్మా... నువ్వా?"

"అరవగాకు. ఇంట్లోనించి పక్కతలుపు తీసుకోని వచ్చినా." ఆమె తల తిప్పలేదు. "వాడికి ముద్దలు పెడ్తా పెడ్తా చూసి నేర్చినా. ఎడమపక్క ఈటెలోళ్లను నిలబెట్టేది ఒక్కటే తెలుసు. ఓడిపోతే మీ పెదనాయన ఇంక బతికినంతకాలం మాట్లాడడు."

ప్రదీప్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఎముకల దండు ఉప్పెనలా వస్తోంది. ఈటెలవాళ్లు ఒక్కొక్కరే కూలుతున్నారు. అయిపోయింది.

సుబ్బరత్నమ్మ మౌసు వదిలేసి, రెండు చేతులతో కొంగు ముఖానికి అదుముకుంది.

అప్పుడు... కుడిపక్క కొండ కింద కదలకుండా నిలబడి ఉన్న గుర్రాలు వెనక్కి తిరిగాయి. పారిపోతున్నట్టు. కొండ చుట్టూ పోయాయి. చుట్టి వచ్చి ఎముకల దండు వీపు మీద విరుచుకుపడ్డాయి.

ఆ చప్పుడు విని, కొంగులోంచే గుసగుసగా అంది సుబ్బరత్నమ్మ, "బలే తోల్తాండావు నాయనా. అచ్చం వాడి మాదిరే."

ప్రదీప్ తన చేతులు చూసుకున్నాడు. రెండూ కుర్చీ వీపునే పట్టుకుని ఉన్నాయి.

బల్ల మీద మౌసు, తీగను ఈడ్చుకుంటూ, మెల్లగా... ఎడమపక్కకు జరిగింది.