గూట్లో ముద్ద

నా కూతురు తిండి మానేయడం నా దగ్గరే నేర్చుకుంది. అందులో దెయ్యం తప్పేమీ లేదు. అది తర్వాత వచ్చింది. నేను పిలిస్తేనే వచ్చింది.

అప్పట్లో మేం గోరంట్లలో ఉండేవాళ్ళం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఆయన గంగాధర్‌కు బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. బోర్లన్నీ వట్టిపోయిన కాలం, రెండువేల రెండు, మూడు. పల్లెల్లో గంజి కేంద్రాలు తెరిచారు. మాకు మాత్రం తిండికి లోటు లేదు. డబ్బా నిండా రాగిపిండి, బస్తాలో బియ్యం. అన్నీ ఉండి నేను తినేదాన్ని కాదు.

లావయ్యానని మొదలుపెట్టిన మాట నిజమే. కొన్నాళ్ళకు లావూ సన్నమూ పక్కకు పోయి, ఖాళీ కడుపుతో పొద్దు గడిపితే చాలు, ఏదో గెలిచినట్టుండేది. ఇంట్లో అడిగితే కాలేజీలో తిన్నానని, కాలేజీలో అడిగితే ఇంట్లో తిన్నానని చెప్పేదాన్ని. అందరికీ కొసరి కొసరి వడ్డించేదాన్ని. మే నెలలో చలి వేసేది. చెయ్యెత్తితే గాజులు జారి మోచేతి దగ్గర ఆగేవి. గంజి గిన్నె పట్టుకుని పోయే ముసలివాళ్ళు ఎదురైతే తల దించుకునేదాన్ని. ఇంటికొచ్చి మళ్ళీ తినేదాన్ని కాదు.

నాకు దారి దొరికింది మా అత్త బయమ్మ పోయాక. వాళ్ళింట్లో మనిషి పోతే ఏడాది దాకా, మధ్యాహ్నం వండినదాంట్లో ఒక ముద్ద వంటింటి గోడ గూట్లో పెడతారు. సాయంత్రం తీసి గొడ్లకు వేస్తారు. ఏడాది దాటినా నేను మానలేదు. నా కంచంలోని రాగిసంగటి ముద్దే గూట్లో పెట్టి, తిన్నదానిలా చేతులు కడుక్కునేదాన్ని. కరువులో తిండి పారేస్తే పాపం. చచ్చినవాళ్ళకు పెడితే భక్తి.

"కోడలంటే నువ్వేలేమ్మా" అనేది పక్కింటి మారెక్క. "మా కోడలైతే నేను బతికుండంగానే నన్ను గూట్లో పెట్టేట్టుండాది."

గంగాధర్ నవ్వేవాడు. "మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంకొంచెం తినత్తా అని ఒక్కనాడన్నా అనింటివా? ఇప్పుడు పెడతాండావే!"

అనలేదు, నిజమే. బయమ్మ కరువులో పుట్టి కరువులోనే కాపురం చేసిన మనిషి. అందరూ తిన్నాక అడుగంటింది గీక్కుని తినేది. ముద్దకు మేమంతా బొటనవేలితో గుంట చేసుకుని పప్పు పోసుకుంటే, ఆమె నాలుగు వేళ్ళూ కలిపి లోతుగా నొక్కేది. పప్పు ఎక్కువ పడుతుందని.

గడ్డి లేక గొడ్లను అమ్మేశాం. ఇక ఈ ముద్దను ఏం చేయాలా అనుకున్నాను. ఏమీ చేయాల్సిన పని పడలేదు. సాయంత్రానికి గిన్నె ఖాళీగా ఉండేది. పిల్లి అనుకున్నాను. వంటింటికి కిటికీ లేదు, తలుపుకు గొళ్ళెం పెట్టేదాన్ని. అయినా పిల్లే అనుకున్నాను. ఫిజిక్స్ చెప్పేదాన్ని, కారణం వెతకాల్సింది. వెతకలేదు. నా పని జరిగిపోతోంది కదా.

ఆ ఎండాకాలం సెలవులకు హేమ హాస్టల్ నుంచి వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేది. అన్నం దగ్గర పిలిస్తే, "నేను తర్వాత తింటా మా" అనేది. ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. తెలిసీ ఊరుకున్నాను. తిను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. వడగాలికి తలుపులన్నీ మూసేసి, బయటి గదిలో బండల మీద పడుకున్నాను. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. ఇల్లంతా చీకటి, ఉడికిన రాగిపిండి వాసన. ఆ వాసనలో మెల్లగా ఇంకొకటి కలిసింది. వక్కాకు వాసన. మా ఇంట్లో హేమ వాళ్ళ జేజి బయమ్మ తర్వాత వక్కాకు నమిలేవాళ్ళు లేరు.

వంటింట్లోంచి చప్పుడు. పళ్ళు లేని నోరు తింటున్న చప్పుడు... ఆగి, మళ్ళీ...

తర్వాత హేమ గొంతు, గుసగుసగా.

"నిదానంగా తిను జేజీ. నాది కూడా నీకే."

లేచాను. వంటింటి తలుపు ఓరగా ఉంది. హేమ నాకు వీపు చేసి గూటి ముందు నిలబడి ఉంది. ఖాళీ కంచాన్ని రెండు చేతులతోనూ గుండెకు అదుముకుంది.

గూట్లో రెండు ముద్దలు. ఒకటి నాది. ఒకటి దానిది.

నేను చూస్తుండగానే రెండో ముద్ద మీద గుంట పడింది. నాలుగు వేళ్ళ గుంట. మెల్లగా... లోతుగా... ఎవరో నొక్కుతున్నట్టు.

హేమ చేతులు కంచం మీదే ఉన్నాయి.

"హేమా..."

అది వెనక్కి తిరగలేదు. "మా, జేజికి ఇంకా ఆకలంట. మనిద్దరివీ సాలవంట."

గూటి వైపు చెయ్యి చాపింది, చూపించడానికి. చొక్కా చెయ్యి పైకి పోయింది. గాజులు జారాయి. మోచేతి దగ్గర ఆగాయి.

నాకు అసలు భయం అప్పుడు వేసింది. గుంటను చూసి కాదు.

గూట్లోకి రెండు చేతులూ పెట్టి ముద్దలు లాక్కున్నాను. అవతలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఒక్క క్షణం రాలేదు. తర్వాత వచ్చేశాయి. అక్కడే నేల మీద కూలబడి నా ముద్ద నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగలేదు. కక్కొచ్చింది. మళ్ళీ పెట్టుకున్నాను. ఏడుస్తూ మింగాను.

హేమ నన్నే చూస్తోంది. నేను తినగా అది చూడడం ఎన్నాళ్ళకో.

"నువ్వు తింటే నేనూ తింటా" అంది చివరికి. చిన్న గొంతుతో.

ఇద్దరం తిన్నాం. మా తలల పైన గూట్లోంచి ఎవరో ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉన్నారు. తల ఎత్తలేదు.

సాయంత్రం గంగాధర్ రాగానే గూటికి ఇటుకలు పెట్టి సిమెంటు పూయమన్నాను.

"ఏమయిందే?"

"ముందు మూయి. చెప్తా."

అంతా చెప్పాను, నేను తినకపోవడంతో సహా. ఆయన తాపీ పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని గాజులు పైకి జరిపి చూశాడు. మర్నాడు హేమా నేనూ అనంతపురంలో ఒక డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. అడిగినవాటికి నిజం చెప్పాను. హేమ కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. నేను కోలుకున్నానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు వంటింటి నేల మీద ఒకటి అనుకున్నాను. ఆకలి ఉన్నా లేకున్నా, గొంతు దిగినా దిగకున్నా, నా ముద్ద నేనే తింటాను, నా బిడ్డ చూస్తుండగా. హేమ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. చూసేవాళ్ళు లేకున్నా తింటూనే ఉన్నాను.

గోరంట్ల ఇల్లు వదిలేశాం. ఈ ఇంట్లో గూళ్ళు లేవు. రోజూ మధ్యాహ్నం తడిచేత్తో సంగటిని నున్నగా గుండ్రంగా చేసి కంచంలో పెట్టుకుంటాను. పప్పు గిన్నె కోసం అటు తిరుగుతాను. ఇటు తిరిగేసరికి ముద్ద మీద గుంట ఉంటుంది. నాలుగు వేళ్ళది.

ఆ గుంటలోనే పప్పు పోసుకుని తింటాను. ఇంతవరకూ ఒక్క పూట మానలేదు.