రంగూన్ కూజా

మేడ మీద బీరువా తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన కూజా లేదు.

"నిన్న సాయంత్రం కూడా చూసేనండి," అన్నాడు మాణిక్యాలరావు. "మా తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన చైనా కూజా. పాతకాలం పింగాణీ, లేతాకుపచ్చ మెరుగు. అలాంటిది ఈ జిల్లాలోనే లేదండి."

ఎస్సై కృపానందం కిటికీలోంచి బయటికి చూశాడు.

1986 ఆగస్టు. రాజోలు దగ్గరి ఆ లంక ఊరిని గోదావరి ముంచేసింది. కింది గదులు మునిగిపోయాయి. సగం మెట్ల దాకా ఎర్రనీళ్లు. జనాన్ని తరలించడానికి కృపానందం తెచ్చిన పడవ తాడు తెంపుకుని కొట్టుకుపోయింది. నిన్నటి నుంచి అతనూ ఈ మేడలో బందీయే.

దొంగ కూడా ఇక్కడే ఉండాలి. బయటికి దారి లేదు.

"తాళంచెవి ఎక్కడుంటుంది?"

"మా ఆవిడ తలగడ కిందండి."

మాణిక్యాలరావు భార్య భూలక్ష్మి జారిపడి నడుము దెబ్బతిని ఏడాదిగా మంచం మీదే ఉంది. ఆమెను చూసుకునే నర్సు రాహేలు గుమ్మంలో నిలబడింది.

"పక్క సర్దేది ఈవిడే," అన్నాడు మాణిక్యాలరావు. "వచ్చే నెల కువైట్ వెళ్లిపోతోంది. ఇంకెవరు తీస్తారండీ? కేసు రాయండి."

రాహేలు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నేను తియ్యలేదండి. కేసు రాస్తే నా పాస్‌పోర్టు ఆగిపోద్దండి."

కృపానందం తోటమాలి రాఘవులును పిలిచాడు.

"రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"మేడ వరండాలోనండి. అయ్యగారు లోపల గడియ పెట్టేసేరు."

"అంతకుముందు?"

"తాగడానికి నీళ్లు లేవు కదండీ. వరదలో కొట్టుకొచ్చిన కొబ్బరిబొండాలు లాగి, అమ్మగారి పక్క గదిలో పోసేను."

"తర్వాత లోపలికి రాలేదా?"

"ఆయ్, లేదండి."

సోదా మొదలైంది. బియ్యం బస్తాలు, పరుపులు, అటక. రాహేలు ట్రంకుపెట్టె కూడా తెరిచారు. తెల్లచీరలు, బైబిలు. ఆమె తల దించుకుని నిలబడింది. భూలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమె కప్పుకున్న దుప్పటి కొంచెం జరిగింది. కృపానందం చూపు అక్కడ ఆగింది.

అందరినీ ఆ గదిలోకి పిలిచాడు.

"రాహేలుగారూ, ఈ పక్కదుప్పటి ఎప్పుడు మార్చారు?"

"నిన్న రాత్రి, పడుకోబోయే ముందండి. ఉతికినదే."

"తర్వాత అమ్మగారిని మంచం దింపారా?"

"లేదండి."

కాళ్ల దగ్గర, కప్పుకున్న దుప్పటి అంచు పైకెత్తాడు. పక్కదుప్పటి మీద ఎర్రగా ఎండిన ఒండ్రుమట్టి. రెండు మడమల గుర్తులు.

"ఈ గది నేల పొడిగా ఉంది. ఒండ్రు ఉన్నది బొండాల గదిలోనే. మంచం దిగని మనిషి కాళ్లకు అదెలా అంటింది?"



కృపానందం పక్క గదిలోకి వెళ్లి బొండాలు ఒక్కొక్కటే తీశాడు. కుప్ప అడుగున ఒకటి నున్నగా, చల్లగా తగిలింది. మూతి కిందికి పెట్టిన కూజా. రంగూ బొండానిదే, గుండ్రటి పొట్టా బొండానిదే.

భూలక్ష్మి లేచి కూర్చుంది.

"ఎండాకాలం నుంచీ కాస్త కాస్త నడుస్తున్నానండి. తెలిస్తే ఈ పిల్లని మాన్పించేస్తారని చెప్పలేదు. ఇప్పుడు అదే వెళ్లిపోతానంది. కేసుంటే ఆగిపోద్దనుకున్నాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కతేనండి."

"నడుస్తున్నావా? నాకు చెప్పలేదేం?" అన్నాడు మాణిక్యాలరావు.

"మీరెప్పుడడిగేరండీ?"

రాహేలు మంచం దగ్గరికి వచ్చింది. "నా బతుకే ఆపేద్దామనుకున్నారా అమ్మా?"



"కూజా ఇల్లు దాటలేదు. కేసు లేదు," అన్నాడు కృపానందం.

బయట లాంచీ చప్పుడు. "వచ్చేసేరండీ!" అని రాఘవులు అరిచాడు. మాణిక్యాలరావు కూజాను గుండెకు హత్తుకుని అందరికంటే ముందు ఎక్కేశాడు.

రాహేలు పెట్టె ఎత్తుకుని మెట్ల దాకా వెళ్లింది. ఆగింది. పెట్టె దించి వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రండమ్మా. నేను ఎత్తనండి. మీరే నడిచి రావాలి."

భూలక్ష్మి గోడ పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి గోడ వదిలేసింది.

లాంచీలోంచి మాణిక్యాలరావు చూస్తూ ఉండిపోయాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఒక్కో మెట్టూ దిగుతూ నీళ్ల దాకా వచ్చింది.