వాష్ అప్ నుంచి నాక్ బ్యాక్ దాకా

వెండెల్ మొదటిరోజే మెరిన్‌కి ఒళ్లు మండించాడు.

టాస్మేనియా తీరంలో మెరిన్ వాళ్ల నాన్న ఆల్చిప్పలు పెంచుతాడు. అక్కడ పడవల ఇంజన్లు చూడటానికి ఏడాది పనిమీద వచ్చిన అమెరికావాడు వెండెల్. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతణ్ణి వాష్ అప్ చెయ్యమని చెప్పి మెరిన్ బయటికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఎంగిలి గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అతడు మాత్రం మొహం కడుక్కుని, తల దువ్వుకుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

"నిన్ను ముస్తాబవమని ఎవరన్నారు? గిన్నెలు కడగమన్నాను."

"మా ఊళ్లో వాష్ అప్ అంటే చేతులూ మొహమూ కడుక్కోవడమే. చెప్పిందే చేశాగా."

"మీ ఊరి సంగతి ఎవరిక్కావాలి? లే, కడుగు."

అతడు కడిగాడు. తిడుతూనే ఆమె తుడిచి పెట్టింది.

ఆ సాయంత్రమే మెరిన్ ఒక నోటుబుక్కు తెరిచింది. రెండు దేశాల్లో రెండు అర్థాలు చెప్పే మాటలన్నీ అందులోకి ఎక్కాయి. పొద్దున్నే తలుపు తట్టి లేపుతాననే అర్థంలో ఆమె నాక్ అప్ అంటే అతడు చెవులదాకా ఎర్రబడ్డాడు. వాళ్ల దగ్గర అది కడుపు చెయ్యడమట. వాన పడి పని ఆగిన రోజుల్లో ఇద్దరూ ఆ పుస్తకం ముందేసుకుని కూర్చునేవారు. మాటల కోసం కూర్చుంటున్నారో, కూర్చోడానికి మాటలు వెతుక్కుంటున్నారో వాళ్లకే తెలియదు. చెప్పాల్సిన అసలు మాట మాత్రం ఇద్దరూ మింగేశారు.

ఏడాది గడిచిపోయింది. వెండెల్ ఆఖరిసారి రెండు వారాల పనికి సముద్రం మీదికెళ్లాడు. శనివారం ఒడ్డుకొస్తాడు, ఆదివారం విమానం. ఇక ఆగలేక మెరిన్ తన చేత్తో చేసిన ఆపిల్ సారా సీసా ఒకటి లైల్ చేతిలో పెట్టింది. లైల్ కూడా అమెరికావాడే, అదే పడవకి సామాను పట్టుకెళ్తున్నాడు.

"నాకోసం ఉండిపోవాలనుంటే తాగమను. లేదంటే తిప్పి పంపమను. తాగితే శనివారం రేవులో ఉంటాను."

ఫోన్లు జేబుల్లోకి రాని రోజులవి. గురువారం రేడియోలో, గరగరల మధ్య లైల్ గొంతు నవ్వుతూ వినిపించింది.

"ఇచ్చాను మెరిన్. నాక్ బ్యాక్ చేసేశాడు."

మెరిన్‌కి తల కొట్టేసినట్టయింది. తన దేశంలో నాక్ బ్యాక్ అంటే మొహం మీదే వద్దనడం. వద్దంటే వద్దన్నాడు, వీడెందుకు నవ్వుతున్నట్టు? ఇంకోసారి అడిగితే సరిపోయేది. పంతం అడగనివ్వలేదు. సరేనని రేడియో కట్టేసి, శనివారం పొద్దున్నే లాన్సెస్టన్‌లో పిన్నిగారింటికి వెళ్లిపోయింది. ఆదివారం వెండెల్ విమానమెక్కాడు. అతడూ ఉత్తరం రాయలేదు, ఆమె కూడా రాయలేదు.

నాలుగేళ్లు గడిచాయి. లైల్ ఆ ఊరి పిల్లనే చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. ఒకరోజు మెరిన్ వాళ్లింట్లో భోంచేస్తూ, తన షెడ్డు ప్లాన్‌ని ఆఫీసువాళ్లు నాక్ బ్యాక్ చేశారని వాపోయాడు.

"ఈ ముక్క మీ దగ్గర నేర్చుకున్నదే. మా దగ్గరైతే నాక్ బ్యాక్ అంటే ఒక్క గుక్కలో తాగెయ్యడం."

మెరిన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆ రోజు వెండెల్ ఏం చేశాడు?"

"చెప్పాగా. డెక్కు మీద నిలబడి ఒక్క గుక్కలో తాగేశాడు. సీసా బోర్లించి మరీ చూపించాడు. శనివారం నువ్వు రాలేదు. వానలో రేవులోనే కూర్చున్నాడు, ఎంత పిలిచినా లేవలేదు. నువ్వే మనసు మార్చుకున్నావనుకున్నాం."

మెరిన్‌కి లైల్ మీద కోపమొచ్చింది, ఇంగ్లీషు మీద కోపమొచ్చింది. అన్నిటికంటే తనమీద తనకి అసహ్యమేసింది. పనికిరాని ప్రతి మాటకీ అర్థం అడిగి రాసుకున్న మనిషి, బతుకు తేల్చే ఒక్క మాటకి అడగలేదు.

"ఇప్పుడెలా ఉన్నాడు?"

లైల్ కంచం పక్కకి జరిపాడు. మొన్న క్రిస్మస్‌కి ఫొటో పంపాడని, పెళ్లాం, చిన్న కూతురు ఉన్నారని చెప్పాడు. కావాలంటే జరిగింది వెండెల్‌కి రాస్తానన్నాడు.

"వద్దు లైల్. ఇప్పుడది ఎవరి కాపురానికి మంచిది?"

అతడు వెళ్లాక మెరిన్ వాష్ అప్ చేసింది. ముందు తన ఊరి అర్థంలో గిన్నెలు కడిగింది. తర్వాత వెండెల్ ఊరి అర్థంలో, చాలాసేపు, మొహం కడుక్కుంది.